హాజరులో అస్థిరత

మాటలు తూచి వాడతానని నాకు నా మీద గట్టి నమ్మకం. ఇరవై ఏళ్లుగా పిల్లలకు తెలుగు చెబుతున్నాను. పెళ్లిపత్రికలో ఒక మాట పొసగకపోతే భోజనాల దగ్గర కూడా దాని గురించే మాట్లాడతాను, పక్కనున్న మా ఆయన కాలు తొక్కేదాకా. అలాంటి నేను ఒకసారి ఒక మాటను వాడకూడని చోట వాడాను. అక్షరాల్లో తప్పు లేదు, వాక్యంలో తప్పు లేదు. చెప్పిందే తప్పు. ఆ మాట అస్థిరత. దానివల్ల ఒక బడి మూతపడబోయింది.

నేను పుట్టి పెరిగిన నాగర్‌కర్నూల్ ఇంట్లో ఈ మాట లేదు. మా నాన్న నోట ‘నిలకడ’ ఉండేది. నేను ఒక పుస్తకం సగం చదివి ఇంకోటి తెరిస్తే ‘దీనికి నిలకడ లేదు’ అనేవాడు. అమ్మ నోట ‘కుదురు’ ఉండేది. పీట ఊగితే కుదురు లేదనేది, దాని కాలి కింద అట్టముక్క పెట్టేది. నేను కూర్చున్న చోట కూర్చోకపోతే అదే మాట నన్నూ అనేది. నా కాలి కింద పెట్టడానికి మాత్రం ఆమె దగ్గర ఏమీ ఉండేది కాదు. అస్థిరత మా ఇంటికి పేపర్లో వచ్చేది. ప్రభుత్వాల అస్థిరత, ధరల అస్థిరత. కాలేజీకి వెళ్లాక నాకు ఆ మాట మీద మోజు పుట్టింది. ఒకరికి నిలకడ లేదంటే తిట్టినట్టుంటుంది. అదే సంగతిని అస్థిరత అని రాస్తే బాగా పరిశీలించి చెప్పినట్టుంటుంది. తిట్టును నివేదికగా మార్చే గుణం ఆ మాటకు ఉంది. అప్పుడు దాన్ని ఆ మాట గొప్పతనం అనుకున్నాను.

కొన్నేళ్ల కిందట నన్ను గద్వాల దిక్కు ఒక బడికి బదిలీ చేశారు. కృష్ణ నది రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసే చోట, మధ్యలో ఉన్న ఊరు అది. చుట్టూ నీళ్లు, నడుమ నల్లరేగడి చేలు, ఇళ్లు, ఒక గది బడి. పద్దెనిమిది మంది పిల్లలు, ఒక టీచరు. ఆ టీచరును నేనే. గద్వాలలో గది అద్దెకు తీసుకున్నాను. మా ఆయన ఉద్యోగం వనపర్తిలో. శనివారం సాయంత్రం అక్కడికి పోయి సోమవారం పొద్దున తిరిగి రావాలి. గద్వాల నుంచి ఒడ్డు దాకా ఆటో. ఒడ్డు నుంచి ఊరికి పుట్టి.

పుట్టి అంటే వెదురుతో అల్లిన గుండ్రటి పడవ. అడుగున తారు పూసిన పట్టా ఉంటుంది. దానికి ముందూ వెనకా లేవు. ఒక్క తెడ్డుతో నడుపుతారు కాబట్టి అది తిరుగుతూ పోతుంది. మొదటి రోజు నది మధ్యలోకి వెళ్లగానే ఒడ్డు కుడి నుంచి ఎడమకు తిరిగింది, కొండ వెనక్కు పోయింది. నేను లేచి నిలబడ్డాను. నడిపే ముసలాయన తెడ్డు ఆపాడు.

“కూసో బిడ్డా,” అన్నాడు. “పుట్టి తిరుగుతది, తిరగనీ. తిరిగితె మునగదు. నువ్వు లేస్తివంటె మునుగుతం.”

కూర్చున్నాను. ఆ రోజు ఒడ్డు దిగాక గద్వాల గదికి వెళ్లి బదిలీకి మళ్లీ దరఖాస్తు రాసుకున్నాను. అది ఇప్పట్లో కాదని నాకు తెలుసు. అయినా రాసి బ్యాగులో పెట్టుకుంటే ధైర్యంగా ఉండేది.

మొదటి ఏడాది నేను ఎలా పనిచేశానో దాచను. గాలి వీస్తే పోయేదాన్ని కాదు. మబ్బు పడితే పోయేదాన్ని కాదు. సోమవారం వనపర్తిలో బస్సు దొరకలేదని ఒకసారి, మా అత్తగారికి పాన్‌గల్‌లో బాగాలేదని ఒకసారి. సెలవు చీటీలన్నీ పద్ధతిగానే ఉన్నాయి. ఒక్కటీ అక్రమం కాదు. ఒక్క టీచరే ఉన్న బడిలో టీచరు రాకపోతే ఆ రోజు బడి లేనట్టే. అది నాకు తెలియక కాదు. నా భయం ముందు అది చిన్న విషయంగా కనిపించింది.

ఆ వానాకాలంలో పిల్లల హాజరు నన్ను బాగా చికాకు పెట్టింది. ఒకరోజు పద్దెనిమిది మంది. మర్నాడు నలుగురు. ఆ మర్నాడు కూడా నలుగురే. తర్వాత వారమంతా పద్దెనిమిది. ఉన్నట్టుండి మళ్లీ నలుగురు. నేను ఇంత భయపడుతూ నది దాటి వస్తే, ఊళ్లో ఇంటిపక్కన ఉన్న బడికి వీళ్లకు రావడానికి ఏం రోగమని మండిపడేదాన్ని. సరిగ్గా అప్పుడే పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. హాజరు ఎందుకు తగ్గుతోందో కారణాలు రాసి పంపమన్నారు.

పావుగంటలో రాశాను. ‘హాజరులో తీవ్రమైన అస్థిరత ఉంది. తల్లిదండ్రులకు బడి పట్ల నిలకడ లేదు’ అని. రాసి మరోసారి చదువుకున్నాను. బాగుంది అనిపించింది. ఒక వాక్యంలో నా మాట, ఒక వాక్యంలో మా నాన్న మాట. పంపేశాను.

ఆ కాగితం పోయిన పదిహేను రోజులకు మళ్లీ ఒకనాడు నలుగురే వచ్చారు. ఆ నలుగురివీ గొర్లు కాచుకునే ఇళ్లు, చేలు లేవు. మిగతావాళ్లు ఏరీ అని అడిగితే ఏటి కాడ ఉన్నారన్నారు. ఆ రోజు నా కోపం గడప దాటింది. బడికి గొళ్లెం పెట్టి, ఆ నలుగురినీ వెంటబెట్టుకుని పోయాను. ఊరంతా తాళాలే. ఏటి ఒడ్డుకు పోతే ఊరంతా అక్కడే ఉంది.

ఆ ఊళ్లో చేలకు నీళ్లు ఏటి నుంచే. ఒడ్డు పొడుగునా మోటార్లు పెట్టుకుని పైపులతో నీళ్లు గుంజుతారు. నలుగురు మనుషులు ఒక మోటారును కర్రకు కట్టి భుజాల మీద పైకి మోస్తున్నారు. ఆడవాళ్లు నడుం లోతు నీళ్లలో నిలబడి పైపులు విప్పుతున్నారు. పిల్లలు తాళ్లు చుడుతున్నారు. నా రెండో తరగతి పిల్ల ఒకతి గట్టు మీద గొంతుకూర్చుని ఉంది. దాని అన్నం డబ్బా ఒడిలో ఉంది. డబ్బా నిండా నట్లు, బోల్టులు, వాషర్లు. విప్పినవి విప్పినట్టు దాని చేతికిస్తున్నారు, అది ఏ మోటారువి ఆ మోటారుకు వేరువేరుగా గుడ్డముక్కల్లో కట్టి పెడుతోంది.

దాని తల్లి నీళ్లలో నుంచే నన్ను చూసింది. “పైన డ్యాం గేట్లు ఎత్తిన్రు మేడం. పొద్దుగూకే వరకు నీళ్లు ఈడికొస్తయి. మోటర్ మునిగితె కాలిపోతది, చేను ఎండుతది. ఈ రెండొద్దులు పిల్లలు రారు.”

“రెండే అని నీకెట్ల తెలుసు?”

ఆమె ఒడ్డున ఉన్న ఒక బండను చూపించింది. ఊరి ఆడవాళ్లు బట్టలు ఉతుక్కునే బండ. “నీళ్లు ఉతుకుడు బండ మీదికొస్తె మోటర్లు పైకి గుంజుతం. రెండొద్దులు పడుతది. బండ తేలినంక మల్ల కిందికి దించనీకె ఒకరోజు. ఎప్పుడైనా గింతే మేడం. నీకు ఎవరు చెప్పలేదా?”

ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

ఆ రోజు గట్టు మీద కూర్చుని చాలాసేపు ఆ బండనే చూశాను. నాకు తెలుగు వచ్చు కదా, మాటలు తూస్తాను కదా. నేను అస్థిరత అని రాసినదానికి ఆ ఊళ్లో ఒక బండంత గట్టి లెక్క ఉంది. ఆ లెక్క ఊళ్లో పసిపిల్లకు కూడా తెలుసు. చదువుకున్నదాన్ని నేను ఒక్కదాన్నే తెలియకుండా ఉన్నాను. సిగ్గేసింది. అయితే పంపిన కాగితాన్ని వెనక్కు తెప్పించడానికి నేనేం చేయలేదు. ఆ కాగితం ఎక్కడో ఒక కట్టలో పడి ఉంటుంది, ఎవరు చదువుతారులే అనుకున్నాను.

మిగతాది మాత్రం మార్చుకున్నాను. ముందు నన్ను. పుట్టి మీద భయం ఒక్కరోజులో పోలేదు, కాని భయపడుతూనే రోజూ ఎక్కాను. గాలి ఎక్కువుంటే పుట్టి నడపాలా వద్దా అనేది ఆ పుట్టి తాత చూసుకునేవాడు. ఆయన నడిపిన ప్రతిరోజూ నేను అందులో ఉన్నాను. తర్వాత బడి. మోటార్లు గుంజే రోజుల బదులు ఆదివారాలు బడి పెట్టాను. దానివల్ల వనపర్తి పోవడం తగ్గింది, మా ఆయనే అప్పుడప్పుడు గద్వాల వచ్చేవాడు. ఒక నోటుబుక్కు పెట్టాను. ఒక గడిలో ఉతుకుడు బండ దగ్గర నీళ్లు ఎక్కడున్నాయో, పక్క గడిలో ఎంతమంది పిల్లలు వచ్చారో. బండ చూసే పని ఆ డబ్బా పిల్లకు ఇచ్చాను. దాని ఇల్లు ఏటి గట్టు మీదే.

కొన్ని నెలలకు అది కొత్త పద్ధతి మొదలుపెట్టింది. సాయంత్రం ఇంటికి పోయేముందు బోర్డు మూలకు మర్నాటి లెక్క రాసిపెట్టేది. ‘రేపు పద్దెనిమిది’ అనో, ‘రేపు నలుగురు’ అనో. జ్వరాలొస్తే ఒకటీ రెండూ అటూఇటూ అయ్యేది. లేదంటే దాని లెక్క తప్పేది కాదు. నేను ఆ రాత చూసి మర్నాడు ఏం చెప్పాలో నిర్ణయించుకునేదాన్ని. నలుగురు వచ్చే రోజు కథలు, పద్దెనిమిది మంది వచ్చే రోజు పాఠాలు.

రెండేళ్లు ఇలా గడిచాయి. అవి నా ఉద్యోగంలో మంచి రోజులని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

ఆ తర్వాత కాగితం తిరిగి వచ్చింది. నా బడిని అవతలి ఒడ్డున ఉన్న పెద్ద బడిలో కలపాలని ప్రతిపాదన. దూరం తక్కువే, పటం మీద ఒక వేలెడు. మధ్యలో నది ఉన్న సంగతి పటం గీసినవాళ్లు నీలిరంగు వేసి వదిలేశారు. కారణం అన్న గడిలో రెండు వాక్యాలున్నాయి. ‘హాజరులో తీవ్రమైన అస్థిరత ఉంది. తల్లిదండ్రులకు బడి పట్ల నిలకడ లేదు.’ ఒక్క అక్షరం మార్చలేదు. నా రాత అంత బాగుందన్నమాట. చివర, తనిఖీకి ఒక అధికారి వస్తాడని రాసి ఉంది.

బడి అవతలికి పోతే నేనూ అవతలికి పోతాను. పుట్టి ఎక్కే పని ఉండదు. ఆ పెద్ద బడి నుంచి వనపర్తికి తిన్నగా బస్సుంది. ఫోనులో చెప్పగానే మా ఆయన, “మంచిదే గదా, నువ్వు అడిగిందే గదా,” అన్నాడు. ఆయన తప్పేం లేదు, నేను అడిగిన మాట నిజమే. కాని పిల్లలు ఆరేళ్ల వయసు నుంచి రోజూ రెండుసార్లు పుట్టి ఎక్కాలి.

డబ్బా పిల్ల తల్లికి సంగతి చెప్పాను. ఆమె చాట కింద పెట్టింది. “నా బిడ్డను దినాం పుట్టి ఎక్కియ్య మేడం. బడి ఒడ్డు దాటితె దీని చదువు గింతే,” అంది. కోపంగా అనలేదు. మామూలుగా అంది. ఆ మాటకు ఇంకో మాట లేదని నాకు అర్థమైంది. అప్పటికి ఆ పిల్ల నాలుగో తరగతి. నా బడిలో నేను చదవమని చెప్పకుండానే చదివే పిల్ల అదొక్కతే.

కారణం అన్న గడిలో ఉన్నది నా రాతే అని మాత్రం ఆమెకు చెప్పలేదు.

తనిఖీ తేదీ చెప్పారు. దానికి ముందురోజు సాయంత్రం పిల్ల బండ చూసొచ్చింది. సుద్దముక్క తీసుకుని బోర్డు ముందు నిలబడింది గాని రాయలేదు. నా వైపు చూసింది. నేను బయటికి పోయి చూశాను. నీళ్లు ఎర్రబడ్డాయి, బండ అంచుకు వచ్చేశాయి. ఏడాదిలో ఇన్ని రోజులుంటే ఆ సారుకు రేపే దొరికింది.

పిల్ల తల్లి, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు బడి దగ్గరికి వచ్చారు. “మోటర్ల సంగతి మేం జూసుకుంటం మేడం. రేపు పిల్లలందర్ని తోలిస్తం. సారు ముంగట బడి నిండుగ కనవడాలె.”

ఒప్పుకోవాలని నాకు మనసు లాగింది. పిల్లల చేతులు లేకపోతే ఒకటో రెండో మోటార్లు మునుగుతాయి. ఆ నష్టం వాళ్లకు తెలిసే అడుగుతున్నారు.

“వద్దు,” అన్నాను. “రేపొక్కరోజు నిండుగ చూపిస్తే ఈ రెండేండ్ల లెక్క అంత అబద్ధమయితది. ఎప్పటిలెక్కనే చేయండి.”

“బడి పోతె?”

“పోదు.”

ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు, కాని అన్నప్పుడు నమ్మే అన్నాను. పిల్ల బోర్డు మీద రాసింది. రేపు నలుగురు.

మర్నాడు సారును తీసుకురావడానికి ఒడ్డుకు వెళ్లాను. నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. ఫైలును ఛాతీకి హత్తుకుని పుట్టిలో కూర్చున్నాడు. నది మధ్యలో పుట్టి ఒక చుట్టు తిరిగేసరికి కళ్లు మూసుకున్నాడు.

“మీరు రోజూ ఇందులోనే వస్తారా మేడం?”

“రోజూ సార్.”

“చిన్నపిల్లలకు కష్టం కదా ఇది.”

తాత తెడ్డు వేస్తూనే, “మీరు చేద్దామంటున్నది గదే గద సారు,” అన్నాడు. సారు కళ్లు తెరిచి ఆయన వైపు చూశాడు, తర్వాత ఫైలు వైపు చూశాడు.

బడిలో నలుగురు పిల్లలున్నారు. సారు ఖాళీ గదిని చూసి పెదవి విరిచాడు. నేను బోర్డు మూలకు ఉన్న రాత చూపించి, అది నిన్న సాయంత్రం రాసిందని చెప్పాను. నోటుబుక్కు చేతికిచ్చాను. ఆయన కుర్చీలో కూర్చుని చాలా పేజీలు తిరగేశాడు. మధ్యమధ్య వేలు పెట్టి రెండు గడులూ పోల్చి చూసుకున్నాడు. చివరికి, “ఆ బండ ఎక్కడుంది?” అన్నాడు.

అప్పటికి బండ సగం మునిగింది. ఒడ్డు మీద మోటార్లు పైకి పోతున్నాయి. పిల్ల తన డబ్బాతో గట్టు మీద కూర్చుంది.

“బడి ఎందుకు మానేశావమ్మా?” అని అడిగాడు సారు.

“మానలె సార్. రేపు గూడ రాను. ఎల్లుండి వస్త. ఆదివారం గూడ వస్త, గిదానికి బదులు.”

సారు తల ఊపాడు. బాగానే ఉందనుకున్నాను. అప్పుడు ఆయన ఫైలు తెరిచి, అందరికీ వినపడేలా ఆ రెండు వాక్యాలు చదివాడు. “మరి ఇది ఇక్కడి టీచరు రాసిందే కదా మేడం? దీని మీదే అంతా నడుస్తోంది.”

పైపు పట్టుకున్న తల్లి చేయి ఆగింది. “మాకు నిలుకడ లేదని రాసిన్రా? ఎవరు రాసిన్రు?”

“నేనే రాసిన,” అన్నాను. “వచ్చిన మొదటి ఏడు.”

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మళ్లీ పైపు వైపు తిరిగి బోల్టు విప్పి కూతురి చేతికిచ్చింది. పిల్ల దాన్ని గుడ్డలో కట్టి, సారుకు ఏదో లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. “ఆ ఏడు మేడం వస్తదో రాదో మాకు తెల్వకుండె సార్. బడి కాడికి పోయి తాళం జూసి మర్లి వస్తుంటిమి. మోటర్లు ఎప్పుడు గుంజుతరో బండను జూస్తె తెలుస్తది. మేడం ఎప్పుడొస్తదో దేన్ని జూసినా తెల్వకుండె.”

“ఊకోయే,” అంది తల్లి.

“చెప్పనీ,” అన్నాను.

అందులో చాడీ లేదు. పిల్లకు ఏది లెక్కకు అందుతుందో, ఏది అందదో చెప్పడం అలవాటు. ఆ అలవాటు నేర్పిందాన్ని నేనే. అంతమందిలో నిలబడి అంత చిన్నబోవడం నాకు ముందెప్పుడూ లేదు, ఆ తర్వాతా లేదు.

సారు నన్నే చూస్తున్నాడు. “అస్థిరత అని రాశారు. మీ ఉద్దేశం ఏంటి మేడం?”

ఇరవై ఏళ్లలో నన్ను ఒక మాటకు అర్థం అడిగితే తడుముకున్నది లేదు. ఆ రోజూ తడుముకోలేదు. “మారినంత మాత్రాన అస్థిరం కాదు సార్. ఈ నీళ్లు పెరుగుతాయి, తగ్గుతాయి. వాటితోపాటే వీళ్ల పని, పిల్లల రాక. ఎప్పుడు మారుతుందో ముందే తెలిసేదాన్ని అస్థిరం అనకూడదు. ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు ఉండదో ఎవరికీ అంతుపట్టనిదాన్ని అనాలి. నేను మాట సరైనదే వాడాను, మనుషులను తప్పు రాశాను.”

“నాకు చెబితే లాభం లేదు. రాసివ్వాలి.”

బడికి వచ్చి రాశాను. ఈసారి పావుగంట కాదు, చాలాసేపు పట్టింది. ‘ఈ ఊరి పిల్లల హాజరు నది నీటిని బట్టి నడుస్తుంది. ఏ రోజు ఎందరు వస్తారో ముందురోజే చెప్పవచ్చు. రెండేళ్ల పట్టిక జతచేశాను. రాలేని రోజులకు బదులుగా ఆదివారాలు బడి జరుగుతోంది. మొదటి ఏడాది నేను పంపిన నివేదిక తప్పు. ఆ ఏడాది అస్థిరత పిల్లల్లో గాని తల్లిదండ్రుల్లో గాని లేదు. నా రాకలో ఉంది. ఈ బడి ఇక్కడే ఉండాలి.’

సారు చదివి, పెన్ను మూతతో ఒక వాక్యం మీద తట్టాడు. “ఇది అవసరమా మేడం? రేపు మీ సర్వీసు పుస్తకంలోకి పోతుంది. తప్పు రిపోర్టు ఇచ్చారని మెమో ఇస్తారు. బదిలీ అడగడానికి కూడా ఉండదు కొన్నాళ్లు.”

“అవసరమే సార్. అది తీసేస్తే మిగతాది ఎవరూ నమ్మరు.”

ఆయన కాగితం ఫైలులో పెట్టుకున్నాడు. మిగతా కాగితాల మీద కాదు, అడుగున కాదు, ఆ పాత రెండు వాక్యాల కాగితానికి ఆనించి గుండుసూది గుచ్చాడు. పనిచేయడం తెలిసిన మనిషి.

తర్వాత జరిగింది ఇక్కడే చెప్పేస్తాను. మెమో వచ్చింది. సమాధానం రాశాను. ఒక ఏడాది జీతం పెంపు ఆగింది. ప్రతిపాదన వెనక్కు పోయింది, బడి ఈ రోజుకీ ఆ గదిలోనే ఉంది. మా ఆయన కొన్నాళ్లు మూతి ముడుచుకుని, తర్వాత ఆదివారాలు తనే పుట్టి ఎక్కడం మొదలుపెట్టాడు. మొదటిసారి నది మధ్యలో లేచి నిలబడ్డాడు. తాతకంటే ముందు నేనే కసిరి కూర్చోబెట్టాను.

నాకు ఎక్కువగా గుర్తుండేది మాత్రం ఆ తనిఖీ రోజు సాయంత్రమే. సారును అవతలి ఒడ్డున దించి తాత తిరిగి వస్తున్నాడు. నేను బడి తలుపు దగ్గర ఆయన కోసం చూస్తున్నాను. ఒడ్డు మీద పని ఆ పూటకు ఆగింది. పిల్ల బురద కాళ్లతో వచ్చింది. వెనకే దాని తల్లి వచ్చి గడప అవతల నిలబడింది.

“ఏం రాసిచ్చినవు మేడం?” అంది తల్లి.

నకలు నా దగ్గర ఉంది. చదివి వినిపించాను, ఒక్క మాట వదలకుండా. నా రాక గురించి రాసిన వాక్యం దగ్గర ఆగాను. ఆగి మళ్లీ చదివాను. ఆమె అంతా విని, “మల్ల నువ్వు ఆ ఒడ్డు బడికి పోవా?” అంది.

“పోను.”

పిల్ల సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి పోయింది. పొద్దుటి రాతను మోచేత్తో తుడిచి కొత్తగా రాసింది. రేపు ఐదుగురు.

బయట నీళ్లు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. రేపు కూడా మోటార్ల పని ఉంది. గొర్ల ఇళ్ల పిల్లలు తప్ప ఎవరూ రారు. రెండేళ్లలో అది లెక్క తప్పడం నేను చూడలేదు.

“నలుగురే గద,” అన్నాను. “ఐదో మనిషి ఎవరు?”

మా దిక్కు పిల్లలు టీచరును నువ్వు అనే అంటారు. అందులో మర్యాదకు లోటేమీ ఉండదు.

“నువ్వొస్తవు గద మేడం,” అంది.